కుడి చెవా, ఎడమ చెవా?

అట్రాక్టా గెరటీ పోయి నెల దాటింది. ఇక ఆమె గురించి ఉన్నదున్నట్టు రాయొచ్చు. మా కిల్‌నమారాలో పద్ధతి అది. మనిషి పోయిన నెలకి చర్చిలో నెల పూజ చేయిస్తారు. అందాకా పోయినవాళ్లంతా దేవుళ్లు, ఆ తర్వాత మళ్లీ మామూలు మనుషులు. డబ్లిన్ పత్రికలు మాత్రం నెల ఆగలేదు. మర్నాడే పేజీలు నింపేశాయి. నిర్భయురాలన్నారు, నిప్పన్నారు. ఆమె రాతల్ని మెల్లగా వెనక పేజీల్లోకి నెట్టిన సంపాదకుడే అందరికంటే పొడుగు వ్యాసం రాశాడు. చదువుతుంటే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలన్న నియమంతో జీవితమంతా పోట్లాడిన మనిషి మెడలో చివరికి ఆ నియమమే దండ వేసింది.

ఇన్ని రాసినవాళ్లలో ఒక్కరూ ఒక సంగతి అడగలేదు. వారం తప్పకుండా రాసిన ఆ చెయ్యి చివరి ఇరవై ఏళ్లూ ఒక్క అక్షరం ఎందుకు రాయలేదు? అది నేను చెప్తాను.

నా పేరు కన్సెప్టా. కిల్‌నమారాలో ఆడవాళ్ల జుట్టు నేనే కత్తిరిస్తాను. మంగలి పోయాక మగవాళ్లదీ నాకే వచ్చింది. పుట్టింది పక్క జిల్లా మాయోలో. పెళ్లయి ఈ ఊరొచ్చి నలభై ఏళ్లు దాటినా వీళ్లకి నేనింకా గాలికి కొట్టుకొచ్చినదాన్నే. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

గెరటీలది ఊరి నడుమ చిన్న దుకాణం. ముందు గదిలో కిరాణా, వెనక గదిలో పబ్బు. తండ్రి తొందరగా పోతే తల్లి డెలియాయే ఇద్దరు పిల్లల్ని పెంచింది. పెద్దది అట్రాక్టా, దాని తర్వాత మూడేళ్లకు మాలకీ. అట్రాక్టా అన్న పేరు మా వైపు చర్చిల్లో కొలిచే పుణ్యవతిది. ఆమె డబ్లిన్ వెళ్లాక అక్కడివాళ్లు, "ట్రాక్టర్‌కి ఆడపేరు కూడా ఉందా?" అని నవ్వేవారట. "ఉంది, అడ్డొస్తే తొక్కేస్తుంది," అనేదట ఈవిడ. ఊళ్లో మాత్రం అందరికీ ట్రాకీయే.

మాలకీకి తొమ్మిదేళ్లప్పుడు మగపిల్లల బళ్లో మాస్టర్ హెస్లిన్ అతని చెవి మీద అరచేత్తో కొట్టాడు. ఏదో లెక్క తప్పినందుకు. ఒక్క దెబ్బే. పిల్లవాడు కాలర్ నిండా రక్తంతో ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడితే ఎదురుగా చూసింది పన్నెండేళ్ల అట్రాక్టా. తల్లి గోరువెచ్చటి నూనె చెవిలో పోసి, దూది పెట్టి, మర్నాడు మళ్లీ బడికి పంపింది. హెస్లిన్ ఊరి ఫుట్‌బాల్ జట్టుకి శిక్షకుడు. జట్టు ఆటయ్యాక తాగేది గెరటీల పబ్బులోనే. డెలియా కక్కలేక మింగలేక మింగేసింది. పిల్లవాడి ఎడమ చెవి ఆ రోజుతో సరి.

ఆ తర్వాత ఊరు ఒక పని చేసింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ కూడబలుక్కోలేదు. మాలకీతో మాట్లాడాలంటే అతని కుడివైపుకి వచ్చేవారు. చర్చిలో కుడి పక్కనే కూర్చునేవారు. మైదానం దగ్గర కుడి పక్కనే నిలబడేవారు. అతను పెద్దవాడై పబ్బు చూసుకోవడం మొదలుపెట్టాక కౌంటర్‌కి అతని కుడిచేతి వైపు చివరకే అందరూ చేరేవారు. ఆ చివర చెక్క అరిగి తెల్లబడింది, రెండో చివర నిన్ననే రంగు వేసినట్టుండేది. నేను కొత్తగా వచ్చినప్పుడు తెలియక ఎడమవైపు నిలబడి రెండుసార్లు కేకేశాను. ప్యాకీ బీర్న్ అని, బళ్లో మాలకీ పక్కన కూర్చున్నవాడు, తర్వాత హెస్లిన్ జట్టుకి కెప్టెన్ అయినవాడు, నా మోచెయ్యి పట్టి ఇటు లాగాడు.

"ఇటు రామ్మా మాయో పిల్లా. వాడికి ఇటునుంచే వినపడుద్ది."

"ఏమైంది ఆ చెవికి?"

"ఏదో చిన్నప్పుడులే," అన్నాడు ప్యాకీ, గ్లాసులో నురగ వంక చూస్తూ.

ఇక అట్రాక్టా. పదిహేడేళ్లకి డబ్లిన్ వెళ్లి ఒక పత్రికలో టైపిస్టుగా చేరింది. ఆడవాళ్ల పేజీలో వంటలు రాయమన్నారు. బంగాళాదుంపల గురించి ఎంతకాలమని రాస్తుంది? పెళ్లి చేసుకుంటే ఆడదాన్ని సర్కారు ఉద్యోగంలోంచి తీసేసే రోజులవి. ఒక వారం రొట్టె పిండి కలిపే విధానం రాస్తూ మధ్యలో, 'ఈ పిండి కలుపుతున్న చేతులు నిన్నటిదాకా ఆదాయపు పన్ను లెక్కలు చూశాయి' అని మొదలుపెట్టి, మంత్రిగారిని కూడా ఆ పిండిలో వేసి కలిపేసింది. సంపాదకుడు తిడదామని పిలిచి, వచ్చిన ఉత్తరాల మూటలు చూసి, గురువారం గురువారం రాసుకో అన్నాడు. ఆ శీర్షికకి పేరు 'ఉన్నమాట'.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు కదా, దేశమంతా ఉలికిపడింది. బిషప్పుల్ని వదల్లేదు, బ్యాంకుల్ని వదల్లేదు, ఆసుపత్రి కట్టిస్తానని కట్టించనివాణ్ని అసలే వదల్లేదు. ఆమె ఆత్మ బాగుపడాలని ఊళ్లనుంచి జపమాలలు పంపేవారు. "డ్రాయరు నిండిపోయింది కన్సెప్టా. ఇన్ని ప్రార్థనలు ఏ పోపుకీ దక్కి ఉండవు," అనేది నా దగ్గర జుట్టు కత్తిరించుకుంటూ. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. కానీ ఎదుటివాళ్ల నోట్లో మాట ఎలా లాగాలో కూడా ఆమెకే తెలుసు. ఆ విద్యతోనే టీవీలోకి వెళ్లింది.

ఆదివారం కార్యక్రమం. ఎవరో పెద్దమనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక ప్రశ్న వేసేది. అతను సాఫీగా జవాబు చెప్పి ఆపేవాడు. ఆమె మాట్లాడేది కాదు. రెండో ప్రశ్న వేసేది కాదు. చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉండేది. డబ్లిన్‌లో ఆ మౌనం ఎవరూ భరించలేకపోయేవారు. కుర్చీలో కదిలేవారు, నీళ్లు నమిలేవారు, ఆఖరికి తమంతట తామే దాచుకున్నది కక్కేవారు. ఒక మంత్రి అలాగే నోరు జారి పదవి పోగొట్టుకున్నాడు. మర్నాడు మా ఊరి పబ్బులో ఆమె ఫొటో చట్రం కట్టించి పెట్టారు. మా పిల్ల, మా ట్రాకీ అని ఒకటే గర్వం. బయటివాళ్లని కడిగినంతకాలం ఆమె మా పిల్లే.

తర్వాత మాస్టర్ హెస్లిన్ పోయాడు. డెలియా అప్పటికే లేదు. జిల్లా కప్పు మూడుసార్లు తెచ్చిన మనిషాయె, చర్చి చుట్టూ రెండు మలుపుల దాకా జనం. శవపేటిక మీద జట్టు చొక్కా కప్పారు. అట్రాక్టా డబ్లిన్‌నుంచి వచ్చి నా ముందు వరసలో కూర్చుంది. బిషప్ గారు ప్రసంగిస్తూ, "ఆయన ఏనాడూ ఒక పిల్లవాడి మీద గొంతెత్తి ఎరగరు," అన్నారు.

"గొంతెత్తలేదు, చెయ్యెత్తాడు," అంది అట్రాక్టా. మెల్లగానే అంది, కానీ టీవీ గొంతు కదా, మూడు వరసలకి వినపడింది. నాకు కుడిపక్క ఉన్న బెర్నీ టాన్సీ శిలువ గుర్తు వేసుకుంది. బెర్నీది ఊళ్లో రెండో పబ్బు.

మంగళవారం పాతిపెట్టారు. గురువారం 'ఉన్నమాట' వచ్చింది. 'బిషప్ గారు చెప్పింది నిజమే. మాస్టర్ హెస్లిన్‌కి గొంతెత్తే అవసరం ఎప్పుడూ రాలేదు. నా తమ్ముడి కుడి చెవి అందుకు సాక్ష్యం. ఆ గదిలో ముప్ఫైమంది పిల్లలున్నారు. ముప్ఫైమందీ మొన్న ఆయన పేటిక వెనక నడిచారు.' నేను నా కొట్లో నిలబడి చదివాను.

బెర్నీ తలకి రంగు వేయించుకోవడానికి వచ్చింది, చేతిలో పేపరు.

"మట్టి ఆరనైనా లేదు. నెల ఆగలేకపోయిందా?"

"నెల ఆగితే నిజం మారుద్దా?" అన్నాను.

"నిజం సంగతి ఎవరడిగారే? నెల పూజ దాకా ఆగొచ్చుగా అంటన్నా."

ఆ రోజంతా ఎవరి నోట విన్నా అదే. నెల ఆగలేకపోయిందా? అబద్ధం రాసిందని ఒక్కరూ అనలేదు. ఆ మాట అనే వీలు సాయంత్రానికి దొరికింది. ఎవరు ముందు చూశారో తెలీదు. "కుడి చెవంట! మాలకీది ఎడమ చెవి కదా! సొంత తమ్ముడి చెవి ఏదో తెలీనిది మాస్టర్ గారి గురించి రాస్తదా?" ఊరంతా పకపకా నవ్వింది, హమ్మయ్య అన్న నవ్వు. ఎడమ చెవి అని వాళ్లు అంత గట్టిగా చెప్పడంలోనే ఒప్పుకోలు ఉంది. అది ఎవరికీ తట్టలేదు. తట్టినా పెడచెవిన పెట్టారు.

ఆమె ఎందుకు పొరబడిందంటే, గుమ్మంలో తమ్ముడు ఎదురుగా నిలబడితే రక్తం ఆమెకి కుడివైపున కనపడింది. ముప్ఫైమూడేళ్లు ఆ బొమ్మే కళ్లలో ఉండిపోయింది. తనున్న చోటునుంచి చూసింది, అలాగే రాసింది. తర్వాత గురువారం పత్రికలో ఓ మూల చిన్న పెట్టె కట్టి వేశారు: 'గత వారం ఉన్నమాటలో కుడి చెవి అని వచ్చింది. ఎడమ చెవి అని చదువుకోగలరు. పొరపాటుకు చింతిస్తున్నాం.' బెర్నీ దాన్ని కత్తిరించి, అద్దం బిగించి తన పబ్బు గోడకి తగిలించింది. "పేపరోళ్లే తప్పని ఒప్పుకున్నారు," అని వచ్చినవాళ్లకల్లా చూపించేది.

ఆ వారాంతం అట్రాక్టా ఊరొచ్చింది. నేను వాళ్ల వంటింట్లో మాలకీకి జుట్టు కత్తిరిస్తున్నాను. ఆమె వచ్చి అతని ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"మాలకీ, నువ్వొక్క మాట చెప్పు. పేరు పెట్టి చెప్పు. వచ్చే వారం వేయిస్తా. అప్పుడు ఎవడు నవ్వుతాడో చూద్దాం."

మాలకీ నెమ్మదైన మనిషి. దువ్వెన కింద తల కదపకుండా కూర్చున్నాడు.

"నన్నడిగావా ట్రాకీ?"

"ఏంటి?"

"రాసేముందు నన్నడిగావా? చెవి నాది కదా."

"అడిగితే వద్దనేవాడివి!"

"అనేవాణ్ణే." ఒళ్లో పడ్డ వెంట్రుకలు దులుపుకున్నాడు. "వాళ్లు ఇటుపక్కకి వచ్చి మాట్లాడేవాళ్లు. నాకది చాలు. దాన్ని నేను వాళ్ల క్షమాపణే అనుకున్నా. ఇప్పుడు అదీ పోయింది."

పోయిందంటే నిజంగానే పోయింది. జట్టు బెర్నీ పబ్బుకి మారింది. గెరటీల పబ్బుకి వచ్చే కొద్దిమందీ కౌంటర్‌కి ఎడమ చివర నిలబడి, ఒకసారి అడిగి, వినపడకపోతే భుజాలెగరేసి వెళ్లిపోయేవారు. చర్చిలో మాలకీ కుడిపక్క బెంచీ ఖాళీగా ఉండేది. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. మా ఊళ్లో వెలి వేయడానికి మాటలు అక్కర్లేదు. నాకు వాళ్లందర్నీ జుట్టు పట్టుకుని వరసగా నిలబెట్టి కొట్టాలనిపించేది. జుట్టు పట్టుకునే పని నాదే కదా, ఎన్నిసార్లు చెయ్యి దురద పెట్టిందో.

అట్రాక్టాకి అప్పటినుంచి ఒకటే పట్టు. ఆ గదిలో ఉన్న ముప్ఫైమందిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, 'అవును కొట్టాడు, నేను చూశాను' అని పైకి అనాలి. అలా అంటే మాలకీకి అబద్ధాలకోరుకి తమ్ముడన్న పేరు పోతుంది, తను మళ్లీ తలెత్తుకుని ఊళ్లోకి రాగలదు. దానికోసం టీవీ వాళ్లని వెంటేసుకుని వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఊరి హాలు కిటకిటలాడింది. రాకపోతే ఏదో దాస్తున్నారనుకుంటారని అందరూ వచ్చారు. మాలకీ వెనక తలుపు దగ్గర, ఎడమ చెవి జనం వైపు పడేటట్టు కూర్చున్నాడు. అక్కడే చోటు వదిలారు మరి. దీపాలు వేశారు. ఆకుపచ్చ కోటు తొడుక్కుని అట్రాక్టా మధ్యలో నిలబడింది.

"ప్యాకీ బీర్న్, నువ్వు మా తమ్ముడి పక్క బల్ల. ఆ రోజు ఏం చూశావ్?"

అడిగి, ఊరుకుంది. చేతులు ముందు కట్టుకుని చూస్తూ నిలబడింది. మంత్రుల్ని పడగొట్టిన మౌనం అది. కానీ అట్రాక్టా డబ్లిన్‌లో మరీ ఎక్కువకాలం ఉండిపోయింది. కిల్‌నమారాలో మనిషి మౌనం పాలతో తాగుతాడు. ప్యాకీ చేతులు కట్టుకున్నాడు. వెనక వరస చేతులు కట్టుకుంది. రేకుల మీద వాన పడుతోంది. కెమెరా పట్టుకున్న కుర్రాడు ఒక కాలినుంచి ఇంకో కాలికి మారాడు. వాళ్లలో ఒక్కరూ కదల్లేదు. మొదట కళ్లు దించింది అట్రాక్టాయే. అలా ఆమె దించడం నేను చూడటం అదే మొదలు.

అప్పుడు ప్యాకీ గొంతు సవరించుకున్నాడు.

"చెప్తా ట్రాకీ. ముందు నువ్వొకటి తేల్చు. కుడి చెవా, ఎడమ చెవా?"

హాలు దద్దరిల్లింది. నవ్వు, చప్పట్లు, కాళ్లతో నేల తన్నడం. వెనక కూర్చున్న మాలకీకి ప్యాకీ ఏమన్నాడో వినపడలేదు. అందరూ నవ్వడం మాత్రం చూశాడు. ఎప్పుడూ చేసేటట్టే చేశాడు, అందరితోబాటు తనూ నవ్వాడు. కెమెరా సరిగ్గా అప్పుడే అతని మొహం మీదకి తిరిగింది.

నేను ఆగలేకపోయాను, లేచాను. "ఎడమ చెవి! కొట్టింది హెస్లిన్! మీ అందరికీ తెలుసు!"

"కూర్చోవే కన్సెప్టా," అంది బెర్నీ. "అప్పటికి నువ్వు మాయోలో ఉండి, కప్పు రాలేదని ఏడుస్తున్నావు."

మాయో జట్టు కప్పు మొహం చూడక ఎన్నేళ్లయిందో వీళ్లకి నోటికొచ్చు. మళ్లీ నవ్వులు. ఎవరో టీ తెమ్మన్నారు, కుర్చీలు లాగారు, అయిపోయింది. నా మాట టీవీలో రాలేదు, కోసేశారు. మాలకీ నవ్వు వచ్చింది. మర్నాడు వేరే పత్రికలో ఒకడు, 'సొంత తమ్ముడే నవ్వి కొట్టిపారేశాడు' అని రాశాడు.

అక్కడినుంచి ఆమె దిగుతూ వచ్చింది. ఆ ఏడాది చివర్లో టీవీ కార్యక్రమం ఆపేశారు. కొత్త సంపాదకుడు 'ఉన్నమాట'ను ముందు పేజీల్లోంచి లోపలికి, లోపల్నుంచి జాతకాల పక్కకి జరిపాడు. ఆమె ఇంకా ఘాటుగా రాసేది. కానీ ఆమె పేరెత్తితే చాలు, "ఏ చెవి?" అనేవారట డబ్లిన్‌లో కూడా. నాకు ఫోన్ చేసి ముందు వాన గురించీ, నా మోకాళ్ల గురించీ అడిగి, ఆఖర్న అడిగేది:

"ఎవరైనా ఏమన్నా అన్నారా కన్సెప్టా?"

"లేదే."

"ప్యాకీ?"

"లేదు."

మాలకీ ఎలా ఉన్నాడని అడిగేది కాదు. వాళ్లిద్దరూ పండగలకి కార్డులు పంపుకునేవారు, అంతే.

ఒక మార్చి ఆదివారం చర్చి అయ్యాక మాలకీ ఒక్కడే ఇంటికి నడుస్తున్నాడు. ఒకప్పుడైతే ప్యాకీ ఉండేవాడు పక్కన, పబ్బుదాకా ఆట కబుర్లు చెబుతూ. పాలకేంద్రం మలుపు దగ్గర రోడ్డు దాటబోయాడు. పాల లారీ ఎడమవైపునుంచి వచ్చింది. డ్రైవరు ఎక్కడో పై జిల్లావాడు, రోడ్డు మీద కూలబడి, "హారన్ కొట్టాను, కొట్టాను, ఆయన తిరిగి చూళ్లేదు," అని ఏడుస్తూనే ఉన్నాడు. ఊళ్లోవాళ్లెవరూ అతనికి ఎందుకు చూళ్లేదో చెప్పలేదు. నేనే చెప్పాను.

అట్రాక్టా వచ్చింది. ఊరంతా వచ్చి చూసి వెళ్లేందుకు మాలకీని పబ్బు పైన ముందు గదిలో పెట్టాలన్నారు. పేటిక మోసుకొచ్చినవాళ్లు ఎటు పెట్టమంటారని అడిగితే, "ఆ గోడకి చేర్చండి, ఇటు కుర్చీలకి చోటుంటుంది," అంది. నేను కింద వంటింట్లో హామ్ శాండ్‌విచ్‌లు చేస్తున్నాను. టీ పళ్లెంతో పైకి వచ్చేసరికి మెట్ల మీదనుంచి వీధిదాకా జనం. ఊరంతా వచ్చింది. బతికినవాడితో మాట్లాడకపోవచ్చు, చనిపోయినవాణ్ని చూడకపోవడం మాత్రం మా ఊళ్లో ఉండదు. కానీ వరస కదలడం లేదు. ముందున్న ప్యాకీ గుమ్మంలో ఆగి పేటిక వంక చూస్తున్నాడు.

అప్పుడు నాకూ అర్థమైంది. మాలకీ కుడిపక్క గోడకి ఉంది. గదిలోకి ఉన్నది ఎడమ పక్క.

ప్యాకీ వెనక్కి తిరిగి ముగ్గురికి సైగ చేశాడు. నలుగురూ లోపలికొచ్చి, ఒక్క మాట లేకుండా పేటిక ఎత్తి, గదిలోనే తిప్పి, తల అటు కాళ్లు ఇటు చేసి దించారు. అట్రాక్టా నిలబడి చూస్తోంది. ముందు ఏం చేస్తున్నారో ఆమెకి తెలియలేదు. ప్యాకీ మోకాళ్ల మీద కూర్చుని మాలకీ కుడి చెవి దగ్గరకి వంగినప్పుడు తెలిసింది. ఆమె మొహం పాలిపోయింది. మళ్లీ అదే తప్పు చేసింది.

ప్యాకీ చాలాసేపు చెప్పాడు. పెదాలు కదులుతున్నాయి, భుజాలు కదులుతున్నాయి, మాట వినపడదు. అతని తర్వాత ఇంకొకడు. అతని తర్వాత ఇంకొకడు. తలలు నెరిసిన ఆ బడి పిల్లలంతా ఒక్కొక్కరే వంగి ఆ చెవిలో చెప్పుకున్నారు. బెర్నీ టాన్సీ కూడా వంగింది. లేచేటప్పుడు ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇన్నేళ్లు ఆ మనిషి కుడిపక్క ఖాళీ బెంచీ పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు వచ్చి చెప్పొద్దా వీళ్లు? పళ్లెం విసురుగా బల్ల మీద పెట్టాను.

"ఏం చెప్తున్నారు?" అంది అట్రాక్టా నా చెయ్యి పట్టుకుని. "నీకు వినపడుతోందా?"

"లేదే."

ప్యాకీ కరచాలనానికి ఆమె ముందుకొచ్చాడు. ఆమె చెయ్యి ఇవ్వలేదు.

"ఏం చెప్పావ్ ప్యాకీ వాడికి?"

"వాడికి చెప్పాల్సింది వాడికి చెప్పా."

"కొట్టాడని చెప్పావా? నువ్వు చూశావని చెప్పావా? అంతవరకే చెప్పు నాకు. అవునో కాదో. నేను రాయను."

ప్యాకీ ఆమె వంక చూశాడు. కోపం లేదు అతని మొహంలో. అది ఉన్నా బాగుండేది.

"నీకు కాదులే ట్రాకీ. పేపరుకి కాదు."

ఆమె ఊరుకుంది. పాత అలవాటు ప్రకారం కళ్లార్పకుండా చూస్తూ ఊరుకుంది. అతనూ ఊరుకున్నాడు. వెనక మెట్ల మీద ఎవరో దగ్గారు. ఆఖరికి ప్యాకీ చెయ్యి ముందుకు చాపి చావింట్లో అందరూ అనేదే అన్నాడు.

"నీ కష్టానికి విచారంగా ఉంది."

ఆమె చెయ్యి కలిపింది. ఆ తర్వాత వరసలో వచ్చినవాళ్లందరితో కలిపింది. ఎవరూ ఆమెను తప్పించుకు పోలేదు, అందరూ అదే మాట అన్నారు. మర్నాడు సమాధి తవ్వింది కూడా వాళ్లే.

సంపాదకుడు డబ్లిన్‌నుంచి ఫోన్ చేశాడు. తమ్ముడి గురించి రాయమన్నాడు, ఈసారి ముందు పేజీలోనే వేస్తానన్నాడు. "నెల కానీ," అంది అట్రాక్టా. నేను పక్కనే ఉన్నాను, తప్పు విన్నానేమో అనుకున్నాను. ఆ నెలంతా ఆమె పబ్బు పైన ఆ గదిలోనే ఉంది. గురువారాలు వచ్చాయి, పోయాయి. 'ఉన్నమాట' చోట ఎవరిదో తోటపని వ్యాసం వేశారు.

నెల పూజ రోజు ఉదయం ఆమెకి నేనే జుట్టు దువ్వాను. అద్దంలో చూస్తూ అడిగాను, "ఇప్పుడైనా రాస్తావా?"

"ఏం రాయను కన్సెప్టా? పేటిక ఎటు పెట్టాలో తెలీలేదు నాకు. వాళ్లకి తెలుసు." జుట్టు మీదనుంచి నా చెయ్యి తీసి పట్టుకుంది. "వాడు చెప్పాడు కదా ఆ రోజు, నన్నడిగావా అని. ముప్ఫైమందిని అడిగాను, మంత్రుల్ని అడిగాను. వాణ్ని అడగలేదు. ఇంక అడగడానికి లేడు."

పూజ అయ్యాక హాల్లో టీ. ఒకప్పుడు కెమెరాలు పెట్టిన హాలే. ఊరంతా ఉంది. ఆ నెలలో పత్రికలో ఏమీ రాకపోవడం అందరూ గమనించారు, పైకి ఎవరూ అనలేదు. నేను కెటిల్ పట్టుకుని వరసగా కప్పులు నింపుతున్నాను. బెర్నీ టాన్సీ కప్పు చాపుతూ పక్కావిడతో అంది, గొంతు తగ్గించకుండానే:

"చూశావా? నెల ఆగాలనుకుంటే ఆగుద్ది."

అట్రాక్టా వాళ్లకి రెండు కుర్చీల అవతల కూర్చుని ఉంది. కప్పు బల్ల మీద పెట్టేసింది. ఆమె చెవులు రెండూ బాగానే పనిచేసేవి.